తీగకొనలోని విజ్ఞానము

నేటి కాలమున ఇంచుమించు ప్రతి యింటను, బల్లసొరుగులోనో అలమర మూలనో, చిక్కుపడిన తీగల చుట్ట యొకటి కానవచ్చును. అందు పాత సెల్‌ఫోను చార్జర్లుండును; పనిచేయని కంప్యూటరు మౌసుండును; ఏ పరికరముతో వచ్చినదో ఎవరికిని జ్ఞప్తిలేని తీగయు నుండును. ఒకదాని కొన వెడల్పుగా నుండును. వేరొకదాని కొన సూదివలె గుండ్రముగా నుండును. మరియొకదానిది గోరుకంటె చిన్నదిగా నుండును. వానిని వాడిన పరికరములు పాడై ఏండ్లు గడచినను తీగలు మాత్రము మిగిలియుండును. పారవేయుటకు మనసొప్పదు, వాడుకొనుటకు వీలుపడదు.

ఇట్టి వస్తువులను జనులు ప్రతిదినమును చేతబట్టుదురేగాని వానిని పరికించి చూచువారు అరుదు. చూడనేర్చినవారికి వానియందు అనేక ప్రశ్నలు తోచును. కంప్యూటరు తీగ ఒక వైపున దూరి, రెండవ వైపున ఏల దూరదు? 10,000 అని వ్రాసియున్న పవర్ బ్యాంకు, 5,000 అని వ్రాసియున్న సెల్‌ఫోను బ్యాటరీని రెండుసార్లు ఏల నింపజాలదు? మొదట వడిగా ఎక్కిన చార్జి తుదకు ఏల మందగించును? ఒకే చార్జరుతో ఒక తీగ వేగముగను, మరియొక తీగ నెమ్మదిగను ఏల పనిచేయును? ఈ ప్రశ్నలకు సమాధానములు గొప్ప ప్రయోగశాలలలోనే దొరకునని తలపనక్కరలేదు. బడిలో చదువుకొను విద్యుత్పాఠమును, కొంచెము గుణకార భాగహారములును వచ్చినవారికి అవి చాలవరకు అందును. అంతియే కాదు. ఈ సంగతులు తెలిసియుండుట ఇంటి క్షేమమునకును అవసరము.

1990వ దశకపు తొలినాళ్ళలో కంప్యూటరు వెనుక భాగము రకరకముల సాకెట్లతో నిండి సంతవలె నుండెడిది. కీబోర్డునకు గుండ్రని సాకెట్టు. ప్రింటరునకు 25 సూదులుగల వెడల్పాటి సాకెట్టు. మౌసునకును, మోడెమునకును 9 సూదులుగల వేరొక సాకెట్టు. క్రొత్త పరికరమును చేర్చదలచినవాడు ముందుగా కంప్యూటరును ఆపివేయవలసివచ్చెడిది. కొన్నిసార్లు పెట్టె మూత విప్పి, లోపల ఒక పలకను బిగింపవలసివచ్చెడిది. పిమ్మట కంప్యూటరును నడిపించి, వచ్చిన పరికరమేదో దానికి తెలియజెప్పవలెను. ఇంత శ్రమపడినను అది పనిచేయునను నమ్మకము లేదు.

ఈ చిక్కును తొలగింపబూనినవారిలో ముఖ్యుడు అజయ్ భట్ అను భారతీయ ఇంజనీరు. ఆయన గుజరాతునందలి బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చదివి, అమెరికాకేగి, 1990లో ఇంటెల్ సంస్థలో చేరెను. తన ఇంటివారే ప్రింటరుతో పడుచున్న అవస్థను ఆయన చూచెను. గోడనున్న సాకెట్టులో ప్లగ్గు పెట్టినంత మాత్రమున దీపము వెలుగుచుండగా, కంప్యూటరునకు పరికరమును కలుపుట మాత్రము ఇంత కష్టమేల కావలెనని ఆయనకు తోచెను. ఆ ఆలోచన ఒక్కనితో సాధ్యమగునది కాదు. ఏలయన సాకెట్టు చేయువాడును, ప్లగ్గు చేయువాడును వేరువేరు సంస్థలవారు. ఇరువురును ఒకే కొలతకు కట్టుబడిననే తప్ప రెండును కలియవు. కావున ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐ.బి.ఎం., కంపాక్, డి.ఇ.సి., ఎన్.ఇ.సి., నార్టెల్ అను 7 సంస్థలు కూడి ఒక నియమావళిని రచించి, 1996 జనవరిలో ప్రకటించినవి. దానికి యూనివర్సల్ సీరియల్ బస్ అని పేరిడిరి. దానినే లోకము యు.ఎస్.బి. అని పిలుచుచున్నది. 1998లో ఆపిల్ సంస్థ తన ఐమ్యాక్ కంప్యూటరులో పాత సాకెట్లను తొలగించి దీనిని నిలిపినది. అటుపిమ్మట దీని వ్యాప్తి మిక్కిలి హెచ్చినది.

ఆ తొలి తీగ కొనలోనికి తొంగిచూచిన, లోహపు గూటియందు వరుసగా 4 రేకులు కానవచ్చును. ఇరుప్రక్కల రేకులు రెండును విద్యుత్తును తెచ్చి, తిరిగి కొనిపోవునవి. నడిమి రేకులు రెండును సమాచారమును మోయునవి. బాగుగా పరికించినచో ప్రక్క రేకులకంటె నడిమి రేకులు కొంచెము పొట్టిగా నున్నట్లు తెలియును. ఇది కేవలము అలంకారము కాదు. ప్లగ్గును లోనికి త్రోయునప్పుడు పొడవు రేకులు ముందుగా తాకి పరికరమునకు విద్యుత్తు నందించును. ఆ తరువాతనే పొట్టి రేకులు తాకి సంభాషణ సాగించును. ఊడదీయునప్పుడు సంభాషణ ముందు ముగిసి, విద్యుత్తు తరువాత తొలగును. ఇంటికి వచ్చిన అతిథిని కూర్చుండబెట్టిన పిదపనే కుశలప్రశ్నలు వేయుట వంటిది ఈ ఏర్పాటు. కంప్యూటరును ఆపకయే పరికరములను తగిలించుటకును, తీసివేయుటకును వీలుకలుగుటకు ఈ వెంట్రుకవాసి తేడా తోడ్పడుచున్నది.

ఇంత ఆలోచించినవారు ప్లగ్గు రెండు వైపులను దూరునట్లు ఏల చేయలేదను సందేహము కలుగును. ఎట్లు త్రిప్పినను పనిచేయవలెనన్నచో తీగలును, వానిని నడుపు విద్యుత్ వలయములును రెట్టింపు కావలెను. అందువలన వెల పెరుగును. వెల పెరిగినచో తయారీదారులు క్రొత్త పద్ధతిని స్వీకరింపకపోవచ్చును. కావున రూపకర్తలు చవుకదనమునే కోరుకొనిరి. పై వైపును గుర్తించుటకై ప్లగ్గుమీద త్రిశూలమును బోలిన చిహ్నమును ముద్రించిరి. దానిని గమనింపక జనులు ఒకసారి త్రోసి, త్రిప్పి, మరల త్రోయుచు వచ్చిరి. 2014లో వెలువడిన టైప్-సి అను క్రొత్త కొన ఈ ఇబ్బందిని తీర్చినది. దానియందు పైన 12, క్రింద 12, వెరసి 24 స్పర్శస్థానములు కలవు. ఏ వైపున పెట్టినను అది పనిచేయును.

యు.ఎస్.బి. మొదట సమాచారము కొరకు పుట్టినదే గాని బ్యాటరీలు నింపుటకు కాదు. మౌసు, కీబోర్డు వంటి చిన్న పరికరములకు వేరుగా విద్యుత్తు అక్కరలేకుండ, 5 వోల్టుల పీడనమున అర ఆంపియరు వరకు ఇచ్చునట్లు నియమించిరి. వోల్టులను ఆంపియర్లతో గుణించిన వాట్లు వచ్చును. కావున ఆ శక్తి రెండున్నర వాట్లు మాత్రమే. ఆ కొద్దిపాటి శక్తితో జరుగు పని మాత్రము ఆశ్చర్యకరము. 1964లో డగ్లస్ ఎంగెల్బార్ట్ ఊహింపగా బిల్ ఇంగ్లీష్ తయారుచేసిన మొదటి మౌసు, అడుగున రెండు చక్రములుగల చెక్కపెట్టె. నేటి మౌసునందు చక్రములు లేవు. అది అడుగున దీపము వెలిగించి, బల్ల ఉపరితలమును సెకనుకు వేయికి మించిన పర్యాయములు చిత్రించి, ఒక చిత్రమును ముందటి చిత్రముతో పోల్చి, తాను ఎటు కదలినదో లెక్కించును. నున్నని గాజుపలకమీద అట్టి మౌసు తడబడుటకు కారణమిదియే. గాజునందు పోల్చుకొనుటకు గరుకుదనముగాని మచ్చలుగాని కానరావు. ఒక కాగితము క్రింద పరచినచో అది తిరిగి చక్కగా నడచును.

కాలక్రమమున జనులు ఇదే తీగతో సెల్‌ఫోన్లను నింపుకొనసాగిరి. మౌసునకు చాలిన రెండున్నర వాట్లు సెల్‌ఫోనునకు చాలవు. కావున గోడ సాకెట్టునుండి విద్యుత్తును తీసికొని ఇచ్చు చార్జర్లు పెరిగినవి. మన దేశమున గోడ సాకెట్టులోని విద్యుత్తు 230 వోల్టులు. అది సెకనుకు 50 ఆవృత్తులతో దిశ మార్చుకొనుచుండును. దానిని 5 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చుటయే చార్జరు పని. పూర్వపు చార్జర్లు ఇటుకముక్కవలె బరువుగా నుండెడివి. వానియందు ఇనుప రేకులకు రాగితీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు ఉండుటయే అందుకు కారణము. నేటి చార్జరు ముందుగా ఆ విద్యుత్తును ఏకముఖముగా మార్చి, పిదప దానిని సెకనుకు వేలకొలది, లక్షకు మించిన సార్లుకూడ, తునుకలు చేసి చిన్న ట్రాన్స్‌ఫార్మరులోనికి పంపును. ఆవృత్తుల సంఖ్య పెరిగినకొలది ట్రాన్స్‌ఫార్మరు చిన్నదైనను చాలును. అందుచేతనే చార్జరు నేడు పిడికిలిలో ఇమిడిపోవుచున్నది. ఇటీవల గాలియం నైట్రైడు అను పదార్థముతో చేసిన మీటలు సిలికాను మీటలకంటె వేగముగను, తక్కువ వేడితోను పనిచేయుటవలన అది మరింత చిన్నదైనది.

చార్జరు లోపల 230 వోల్టుల భాగమునకును, 5 వోల్టుల భాగమునకును నడుమ కొంత ఎడము, దృఢమైన విద్యున్నిరోధకపు పొరలు తప్పక ఉండవలెను. సెల్‌ఫోనును పట్టుకొనిన చేతికిని గోడలోని ప్రమాదకర విద్యుత్తునకును అడ్డుగా నిలుచునవి అవియే. నాసిరకపు చార్జర్లు చేయువారు ఖర్చు తగ్గించుటకై ఆ ఎడమును కుదింతురు; పొరలను పలుచన చేయుదురు. పైకి రెండును ఒక్క తీరుననే ఉండును. సెల్‌ఫోను రెండింటితోను నిండును. లోపలి కొరత ప్రమాదము జరిగిననాడు గాని బయటపడదు. మన దేశమున చార్జర్లకును పవర్ బ్యాంకులకును భారతీయ ప్రమాణాల సంస్థయందు నమోదు తప్పనిసరి. నమోదైన వస్తువుపై ఆ సంస్థ గుర్తును, ‘ఆర్’ అను అక్షరముతో మొదలగు సంఖ్యయు నుండును. కొనునప్పుడు ఆ గుర్తును వెదకి చూచుట వెలను బేరమాడుటకంటె ముఖ్యము.

చార్జరునుండి వచ్చిన విద్యుత్తు నిలువయుండు స్థలము బ్యాటరీ. నేటి సెల్‌ఫోన్లలోని బ్యాటరీలు లిథియము అను లోహముపై ఆధారపడినవి. లోహములన్నింటిలో తేలికయైనది లిథియమే. 1970వ దశకమున స్టాన్లీ విటింగ్‌హామ్ అను శాస్త్రజ్ఞుడు లిథియముతో మరల మరల నింపదగిన బ్యాటరీని నిర్మించెను. 1980లో జాన్ గుడినఫ్ కోబాల్టు ఆక్సైడును వాడి దాని వోల్టేజిని పెంచెను. 1985లో జపాను దేశీయుడగు అకిర యోషినో లిథియపు లోహమునకు బదులుగా బొగ్గుజాతి పదార్థమును ఉపయోగించి దానిని క్షేమకరముగా రూపొందించెను. 1991లో సోనీ సంస్థ ఇట్టి బ్యాటరీని విపణికి తెచ్చెను. ఈ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 సంవత్సరములు. నోబెల్ బహుమానమును అంత పెద్ద వయస్సున పొందినవారు అంతకుముందు లేరు.

ఈ బ్యాటరీయందు ఎదురెదురుగా రెండు పొరలును, నడుమ సన్నని సూక్ష్మరంధ్రములు గల తెరయు నుండును. చార్జి ఎక్కించునప్పుడు లిథియము అయానులు ఒక పొరనుండి తెరను దాటి, బొగ్గుపొరలోని సందులలో చేరును. వాడుకొనునప్పుడు తిరిగి మొదటి తావునకు వచ్చును. ఖాళీ బస్సు వచ్చి నిలిచినప్పుడు జనులు త్వరత్వరగా ఎక్కి కూర్చుందురు. చోటులు నిండినకొలది తరువాత వచ్చినవారు వెదకికొనుచు మెల్లగా లోనికి పోవలసివచ్చును. అయానుల స్థితియు అట్టిదే. అందుచేత బ్యాటరీ అరకు సుమారు 4.2 వోల్టులు, కొన్ని రకములలో అంతకు కొంచెము హెచ్చు, అను హద్దునకు చేరగనే విద్యుత్ప్రవాహమును క్రమక్రమముగా తగ్గింతురు. తుది భాగము నెమ్మదిగా నిండుట లోపము కాదు, అది రక్షణ. అట్లుగాక బలవంతముగా నెట్టినచో, సందులలో చోటు దొరకని లిథియము పైననే లోహముగా పేరుకొని సూదులవలె పెరుగును. అట్టి సూది తెరను చీల్చినచో రెండు పొరలును లోపలనే కలిసిపోయి, బ్యాటరీ మిక్కిలి వేడెక్కి మండును.

ఇక పవర్ బ్యాంకు లెక్క. పవర్ బ్యాంకనగా పెట్టెలో బిగించిన బ్యాటరీయే. దానిపై 10,000 మిల్లీ ఆంపియర్-గంటలని వ్రాసియుండును. ఇది విద్యుత్తు పరిమాణమునే తెలుపును గాని శక్తిని తెలుపదు. తొట్టెలో ఎంత నీరున్నదో చెప్పినంత మాత్రమున ఆ నీరు ఎంత పని చేయునో తెలియదు. అది ఎంత ఎత్తున నున్నదో కూడ చెప్పవలెను. ఆ ఎత్తు వంటిది వోల్టేజి. 10,000 మిల్లీ ఆంపియర్-గంటలనగా 10 ఆంపియర్-గంటలు. పవర్ బ్యాంకులోని బ్యాటరీ సగటు వోల్టేజి 3.7. ఈ రెంటిని గుణించిన 37 వాట్-గంటలు వచ్చును. ఇదియే దానియందలి నిజమైన ధనము.

5,000 మిల్లీ ఆంపియర్-గంటల సెల్‌ఫోను బ్యాటరీ 3.85 వోల్టులదైనచో దానికి 19 వాట్-గంటలకు కొంచెము హెచ్చుగా శక్తి కావలెను. నష్టమేమియు లేకున్నను 37 వాట్-గంటలు దానిని రెండుసార్లు సంపూర్ణముగా నింపజాలవు. మరియు నష్టము లేకపోవుట అసంభవము. పవర్ బ్యాంకు తన 3.7 వోల్టులను 5 వోల్టులకు పెంచి పంపవలెను. సెల్‌ఫోను దానిని మరల తగ్గించి తన బ్యాటరీకి ఈయవలెను. పెంచుటలో కొంత, తగ్గించుటలో కొంత, తీగలో కొంత వేడియై పోవును. నూటికి 20 వంతులు ఇట్లు పోయినవనుకొన్నచో మిగులునవి 30 వాట్-గంటలకు లోపు. అనగా సెల్‌ఫోను ఒకటిన్నర పర్యాయములు మాత్రమే నిండును. ఇందు మోసము లేదు. వినియోగదారుడు చదువవలసిన సంఖ్యను చదువకుండుటయే కలదు. విమానయాన నియమములు సైతము వాట్-గంటలలోనే లెక్కించును. 100 వాట్-గంటలకు లోబడిన పవర్ బ్యాంకులను ప్రయాణికులు చేతిసంచిలో తీసికొనిపోవచ్చును గాని, విమానపు అడుగుగదిలో వేయు పెట్టెలలో ఉంచరాదు. అక్కడ మంట పుట్టినచో చూచువారుండరు గదా!

తీగల తారతమ్యమునకును చిన్న లెక్కయే సమాధానము. ఒక సన్నని తీగ నిరోధము, పోవుటకును వచ్చుటకును కలిపి, పావు ఓమ్ అనుకొందురుగాక. దానియందు 2 ఆంపియర్లు ప్రవహించినచో అర వోల్టు తీగలోనే తరుగును. ఒక వాటు శక్తి వేడియగును. చార్జరు 5 వోల్టులతో ఇచ్చిన 10 వాట్లలో పదవ వంతు దారిలోనే పోయినదన్నమాట. అదే తీగలో, అదే 2 ఆంపియర్లను 9 వోల్టులతో పంపినచో 18 వాట్లు ప్రయాణించును. నష్టము మాత్రము మునుపటి ఒక్క వాటే. ప్రవాహమును పెంచుటకంటె వోల్టేజిని పెంచుట లాభకరమని దీనివలన తేలుచున్నది. రామగుండమువంటి విద్యుత్కేంద్రములనుండి దూరపు నగరములకు ఎత్తైన గోపురములమీదుగా 4,00,000 వోల్టులతో విద్యుత్తును పంపుటయందలి రహస్యమును ఇదియే. మూరెడు తీగకును, నూరు క్రోసుల తీగకును సూత్రమొక్కటే.

ఐతే 5 వోల్టులకు తగిన పరికరమునకు 20 వోల్టులు తగిలినచో అది మాడిపోదా? ఈ భయము తీరుటకే టైప్-సి కొనయందు ప్రత్యేకమైన ఏర్పాటు కలదు. అట్టి చార్జరు, తగిన పరికరము తగిలినదని తెలిసికొననిదే విద్యుత్తునే విడువదు. తెలిసిన పిదప 5 వోల్టులు మాత్రమిచ్చును. అటుపిమ్మట ‘నేను 5, 9, 15, 20 వోల్టులు ఈయగలను’ అని సంకేతములతో తెలుపును. పరికరము తనకు తగినదానిని కోరుకొనును. చార్జరు అంగీకరించిన తరువాతనే వోల్టేజి పెరుగును. ఈ పద్ధతి తెలియని పాత పరికరము మౌనము వహించినచో చార్జరు 5 వోల్టులను దాటదు. తీగకు సైతము ఇందు పాత్ర కలదు. 3 ఆంపియర్లకు మించి మోయదగిన టైప్-సి తీగ కొనలో చిన్న చిప్పు ఒకటి యుండి, తన శక్తి యెంతయో చెప్పును. 2021లో సవరించిన నియమముల ప్రకారము ఇట్టి తీగ 240 వాట్ల వరకు మోయగలదు. మొదటి యు.ఎస్.బి. తీగ మోసినది రెండున్నర వాట్లేనని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ ప్రగతి యెంతటిదో తెలియును. పైకి ఒక్క రూపున నున్న తీగలు శక్తిలో భిన్నముగా నుండుటకు కారణమును ఇందువలన స్పష్టమగుచున్నది.

విజ్ఞానము ఇంత పెరిగినను, కొన ఆకారము విషయమున మనుష్యులలో ఐకమత్యము కుదురుటకు దీర్ఘకాలము పట్టినది. 2009నాటికి ఐరోపాలో 30కి పైగా చార్జరు రకములు వాడుకలో నుండెను. సెల్‌ఫోను మార్చినవాడు చార్జరునుకూడ మార్చవలసివచ్చెడిది. ఆ యేట పెక్కు సంస్థలు స్వచ్ఛందముగా ఒక ఒడంబడికకు వచ్చినవి గాని అది సంపూర్ణము కాలేదు. 2012లో ఆపిల్ సంస్థ లైట్నింగ్ అను తన ప్రత్యేకపు కొనను ప్రవేశపెట్టెను. తుదకు 2022లో ఐరోపా సమాఖ్య శాసనము చేసి, 2024 డిసెంబరు 28 నుండి అచ్చట అమ్ముడుపోవు క్రొత్త సెల్‌ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలు మున్నగువానికి టైప్-సి సాకెట్టు ఉండితీరవలెనని విధించెను. ల్యాప్‌టాప్ కంప్యూటర్లకు 2026 ఏప్రిల్ 28ని గడువుగా నిర్ణయించెను. గడువు రాకమునుపే, 2023లో ఆపిల్ సంస్థ తన ఐఫోనునకు టైప్-సి సాకెట్టును అమర్చెను. మన దేశమున భారతీయ ప్రమాణాల సంస్థ 2023 జనవరిలో టైప్-సి ప్రమాణమును ప్రకటించెను.

ఒక సాకెట్టు ఆకారమునకై శాసనసభలు కూడవలెనా యని ఎవరైన నవ్వవచ్చును. కాని వాడక పారవేయు చార్జర్లవలన ఐరోపాలో ఏటేటా 11,000 టన్నుల చెత్త యేర్పడుచున్నదని ఆ సమాఖ్య అంచనా వేసినది. అందు రాగి కలదు. ఇతర లోహములు కలవు. నేలలో కరగని ప్లాస్టిక్కు కలదు. రాగి భూగర్భమునుండి త్రవ్వి తీసినది. దానిని కరిగించి తీగ చేయుటకు ఎందరో శ్రమించిరి. అట్టిది ఒకసారియైన వాడబడక సొరుగులో మ్రగ్గి, చెత్తలో కలియుట ఎవరికిని మేలు కాదు. పారవేసిన బ్యాటరీ మరింత ప్రమాదకరము. చెత్తబండిలో నలిగినచో అది మండును. నలగనిచో దానియందలి పదార్థములు నేలను చేరును. మన దేశమున ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు 2022లో ప్రకటింపబడి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. పాత వస్తువులు అనుమతి పొందిన శుద్ధికేంద్రములకు చేరునట్లు చూచు బాధ్యత తయారీదారులపై ఉంచబడినది. వానిని మామూలు చెత్తలో కలుపక వేరుగా అప్పగించుట పౌరుని వంతు.

ఇంతవరకు చెప్పిన కారణములనుండి ఇంట పాటింపదగిన జాగ్రత్తలు వానియంతట అవియే వెలువడును. చార్జి ఎక్కునప్పుడు వేడి పుట్టుట సహజము. ఆ వేడి బయటకు పోవలెను. కావున సెల్‌ఫోనును దిండుక్రిందనో పరుపుమీదనో ఉంచి నింపరాదు, ఎండలో ఉంచరాదు. బ్యాటరీ ఉబ్బినచో లోపల వాయువు చేరినదని అర్థము. దానిని నొక్కరాదు, గ్రుచ్చరాదు, నింపరాదు. పెద్దలకు చెప్పి మరమ్మతు కేంద్రమునకు అప్పగింపవలెను. పై పొర చినిగి లోపలి తీగలు కనిపించుచున్న చార్జరును గుడ్డతోనో కాగితముతోనో చుట్టి వాడుట ప్రాణముతో చెలగాటమాడుట. తడిచేతులతో ప్లగ్గును తాకరాదు. రైలుస్టేషనులలో, బస్సుస్టాండులలో తెలియని యు.ఎస్.బి. సాకెట్టునకు సెల్‌ఫోను తగిలించునప్పుడు, ఆ తీగలో విద్యుత్తే కాక సమాచారమును ప్రయాణింపగలదని మరువరాదు. ఎవరి చార్జరు వారు వెంటనుంచుకొని గోడ ప్లగ్గునుండి నింపుకొనుట మేలు.

గొప్ప విషయములు కొండలమీదను, సముద్రముల ఆవలను మాత్రమే ఉన్నవని తలచుట పొరపాటు. పొట్టి రేకులు రెండింటినీ పొడవు రేకులు రెండింటినీ ప్రక్కప్రక్కన నిలిపిన నేర్పు, తుది వంతు మెల్లగా నిండుటలోని జాగ్రత్త, అడిగినంతయే ఇచ్చు చార్జరు మర్యాద, ఇవియన్నియు మనుజుని బుద్ధికి నిదర్శనములే. పలు దేశములవారు, పలు సంస్థలవారు పోటీని విడిచి ఒక చిన్న కొన ఆకారమునకు సమ్మతించుట అంతకంటె గొప్ప నిదర్శనము. ప్రతిదినమును చేతబట్టు వస్తువును ఒక్కమారు నిలిపి చూచి ‘ఇది ఇట్లేల యున్నది?’ అని ప్రశ్నించు బాలుడుగాని బాలికగాని విజ్ఞానమార్గమున తొలి యడుగు వేసినట్లే. అట్టివారి ఇంట సొరుగులోని తీగలు తగ్గును, ప్రమాదములు తగ్గును, తెలివి పెరుగును.